ఈస్టరు దీవి మన్ను

దక్షిణ పసిఫిక్ మహాసముద్రమున, చిలీ దేశపు తీరమునకు పడమటగా సుమారు 3,500 కిలోమీటర్ల దూరమున, ముక్కోణాకారము గల చిన్న దీవి యొకటి కలదు. అందలి జనులు దానిని రాపానుయి యందురు. 1722వ సంవత్సరము ఏప్రిలు 5వ తేదీన, క్రైస్తవుల ఈస్టరు పండుగనాడు, రోగెవీన్ అను డచ్చి నావికుడు దానిని చూచెను; నాటినుండి తక్కిన లోకమునకు అది ఈస్టరు దీవి యయ్యెను. వైశాల్యము సుమారు 164 చదరపు కిలోమీటర్లు. మన మండలములలో అనేకము దీనికంటె పెద్దవి. జనులు కాపురముండు పొరుగుదీవి పిట్‌కెయిర్న్ దాదాపు రెండువేల కిలోమీటర్లకు గాని లేదు. విజయవాడనుండి శ్రీనగరమునకు ఎంత దూరమో, అంతటి నీటిని దాటిననే గాని ఈ దీవివారికి పొరుగిల్లు కనబడదు.

సోదరీమణులారా! నేనా దీవిని కన్నులార చూచినదానను గాను. ఇంట పిల్లలకొరకు తెచ్చిన పటముల పుస్తకమును ముందు పెట్టుకొని, యాత్రికుల వ్రాతలును వైద్యశాస్త్రజ్ఞుల వ్యాసములును చదివి, మనస్సుచేతనే అచ్చటికి పోయివచ్చితిని. ముసలితనమును గూర్చి నేటి శాస్త్రము ఏమనుచున్నదో తెలిసికొందమని బయలుదేరిన నన్ను, ఆ చదువుల త్రోవ ఈ దీవి మంటియొద్దకు చేర్చెను. దేహము ముదియుటను కొంత నెమ్మది చేయునేమో యని పెక్కుదేశములలో నేడు పరీక్షింపబడుచున్న మందొకటి ఆ మంటిలోనే దొరకినది. దీవి కథను, మందు కథను విడివిడిగా చెప్పుటకు నాకు మనసొప్పలేదు. ఏలయన, తన పెద్దలను అకాలమున పోగొట్టుకొన్న దీవియే లోకమందలి పెద్దలకు ఈ మందు నిచ్చినది.

దీవి స్వరూపము

ముక్కోణపు మూడు మూలలను మూడు చల్లారిన అగ్నిపర్వతములు కావలియున్నవి. పోయికె, రానోకావు, తెరెవాకా యని వాని పేర్లు. వీనిలో ఎత్తైనది తెరెవాకా. అదియు 507 మీటర్లే. దీవిలో ఏరన్నది లేదు. కురిసిన వాన రాతినేలలో ఇంకిపోగా, పర్వతముల నోళ్లలో నిలిచిన నీరు మడుగులై, వానిపై తుంగ దట్టముగా పెరిగి తేలుచుండును. ఎటు చూచినను పచ్చికబీళ్లు, నల్లరాళ్లు, స్వేచ్ఛగా మేయు గుఱ్ఱములు, ఎడతెగని సముద్రపుగాలి. ఒకనాడు తాళజాతి వృక్షముల అడవి యుండెడిదట. ఐరోపావారు వచ్చునప్పటికే అది చాలవరకు నశించెను. గాలి తాకిడికి మొక్క నిలువదు గనుక, పూర్వులు రాళ్లతో గుండ్రని గోడలు పేర్చి, వాని నడుమ అరటి మొదలగు పైరులను పెంచిరి. ఆ రాతి చుట్లు నేటికిని కనబడును. పెరటిలో గాలికి ఒరిగిపోవు బీరపాదుకు తడిక కట్టిన యిల్లాలికి ఆ గోడల యర్థము వేరొకరు చెప్పనక్కరలేదు.

ఈ దీవికి లోకప్రసిద్ధి తెచ్చినవి శిలావిగ్రహములు. వానిని మోయై యందురు. దాదాపు తొమ్మిదివందలు కలవు. రానోరరాకు అను కొండలోని మెత్తని శిలను గట్టిరాతి ఉలులతో చెక్కి, లోహమన్నది ఎరుగకయే, ఆ బరువులను మైళ్లకొలది దూరము తరలించి తీరమున నిలిపిరి. నిలిపినవానిలో మిక్కిలి పెద్దది ఇంచుమించు పదిమీటర్ల యెత్తు. ఇవి గతించిన పెద్దల రూపములు. అందుచేతనే చాలవరకు సముద్రమునకు వీపు పెట్టి, ఊరివైపు చూచుచు నిలిచియుండును. పెద్దల చూపు ఊరిమీద నున్నంతకాలము ఊరికి క్షేమమని వారి నమ్మకము. మనము తద్దినమునాడు మూడుతరముల పేర్లు తలచి పిండము పెట్టుదుము. వారు ఆ భక్తిని రాతిలో మలచిరి.

పెద్దలు పోయిన విధము

1862వ సంవత్సరాంతమున పెరూ దేశమునుండి ఓడలు వచ్చినవి. తోటలలోను ఇండ్లలోను చాకిరికై మనుష్యులను పట్టుకొనిపోవు ఓడలవి. కొలది నెలలలో సుమారు 1,500 మందిని చెరపట్టి తీసికొనిపోయిరి. వారిలో రాచకుటుంబమువారును, విద్య నెరిగిన పెద్దలును ఉండిరి. ఇతరుల నిరసనచే కొందరిని తిరిగి పంపిరి గాని, వారిలో పెక్కుమంది త్రోవలోనే మరణించిరి. బ్రతికివచ్చిన కొలదిమందితోపాటు మశూచికము దీవిలో అడుగు పెట్టెను. 1877 నాటికి దీవిలో మిగిలినవారు 111 మంది.

ఆ పెద్దలతో పోయినదేమో చెప్పుటకు ఒక్క యుదాహరణము చాలును. రాపానుయి వారికి రోంగోరోంగో యను లిపి యుండెడిది. కొయ్యపలకలమీద పక్షులను, చేపలను, మనుష్యులను పోలిన చిన్న గుర్తులు వరుసలుగా చెక్కుదురు. ఒక పంక్తి ముగియగానే పలకను తలక్రిందుగా త్రిప్పి తరువాతి పంక్తి నందుకొనవలెను. అట్టి పలకలు లోకమున నేడు రెండు డజనులకు కొంచెము అటునిటుగా మిగిలినవి. అవియు పరదేశపు ప్రదర్శనశాలలలోనే యున్నవి. దీవిలో ఒక్కటియు లేదు. 1932లో హెవెసీ అను హంగేరీ పండితుడు ఈ లిపికిని మన సింధులోయ లిపికిని పోలిక కలదని చెప్పగా చాల చర్చ జరిగెను. తరువాతి వారు దాని నంగీకరింపలేదు. ఆ లిపిని చదువగలవారు నేడు భూమిమీద ఒక్కరును లేరు. పలకలు మిగిలెను, పలుకువారు పోయిరి.

పంతులును ఓడయు

1888లో చిలీ ప్రభుత్వము దీవిని తన రాజ్యమున చేర్చుకొనెను. తరువాత చాలకాలము దీవిలో అధికభాగము గొఱ్ఱెల పెంపకమునకై వర్తకుల కౌలులో నుండెను. సొంత నేలమీద తిరుగుటకు వీలులేక జనులు హంగరోవా యను ఒక్క గ్రామమున గోడచాటున కాపురముండిరి. 1953లో కౌలు ముగిసి, పాలన నౌకాదళము చేతికి వచ్చెను. అప్పుడును వారికి ఓటు లేదు. దీవి విడిచిపోవుటకు స్వేచ్ఛ లేదు. 1964 డిసెంబరులో అల్ఫోన్సో రాపు అను ఇరువదిరెండేండ్ల బడిపంతులు ఈ అన్యాయమును వివరించు లేఖను చిలీ అధ్యక్షునకు పంపించెను. 1965 జనవరిలో దీవివారు ఆయననే తమ పురాధ్యక్షునిగా ఎన్నుకొనిరి. 1966లో చట్టము వచ్చి వారికి పౌరహక్కులు కలిగెను. నేనును బడిపంతులు ఇల్లాలినగుటచే కాబోలు, ఈ భాగము చదువునప్పుడు నాకు లోలోపల గర్వము కలిగినది.

ఆ లేఖ బయలుదేరిన నెలలోనే కెనడా నౌకాదళపు ఓడ యొకటి దీవికి చేరెను. దాని పేరు కేప్‌స్కాట్. అందు స్కొరీనా అను డాక్టరు నాయకత్వమున వైద్యులును శాస్త్రజ్ఞులును వచ్చిరి. దీవిలో విమానాశ్రయము కట్టదలచిరనియు, అంతట ఏకాంతమున నున్న యీ జనులకు లోకమందలి రోగములన్నియు సోకుననియు తలచి, అంతకుముందే వారి ఆరోగ్యస్థితిని వ్రాసియుంచవలెనని వారి సంకల్పము. సుమారు రెండు మాసములుండి, దాదాపు దీవివారినందరిని పరీక్షించిరి. నెత్తురు తీసిరి, ఎత్తు బరువులు కొలిచిరి, వంశవృక్షములు వ్రాసికొనిరి.

వారిలో నోగ్రాడి అను సూక్ష్మజీవశాస్త్రజ్ఞునకు ఒక సందేహము కలిగెను. గుఱ్ఱములు తిరుగు నేలలో ధనుర్వాతపు క్రిములు మెండుగ నుండుట వాడుక. ఇచ్చటి వారు చెప్పులు లేకయే తిరుగుచున్నారు. ఐనను ధనుర్వాతము కానరాదేమి? ఈ సందేహము తీర్చుకొనుటకై ఆయన దీవిని 67 భాగములు చేసి, ప్రతి భాగమునుండియు కొంత మన్ను తీసి భద్రపరచెను. ముసలితనపు తలంపు ఆయనకు లేదు, ఆయనతో వచ్చినవారికిని లేదు. ఆ మన్ను సీసాలలో కెనడా చేరెను.

మంటిలోని మందు

కొన్నియేండ్లకు ఆ మన్ను మాంట్రియల్ నగరమున అయర్స్టు అను మందుల సంఘపు ప్రయోగశాలకు వచ్చెను. మంటిలోని సూక్ష్మజీవులు పొరుగు జీవులతో పోరాడుటకు విషములు తయారు చేసికొనును. వానిలో కొన్ని మనకు మందులగును. స్ట్రెప్టోమైసిను అట్లు వచ్చినదే. దీవి మంటిలోని ఒక సూక్ష్మజీవి బూజులను చంపు పదార్థము నొకదానిని పుట్టించుచుండెను. 1972లో దానిని వేరుచేసి, దీవి పేరు మీదుగా రాపామైసిన్ అని పేరు పెట్టిరి. 1975లో లోకమునకు ప్రకటించిరి.

ఆ పని చేసినవారిలో ముఖ్యుడు మన దేశీయుడే. సురేంద్రనాథ్ సెహగల్ 1932లో, నేడు పాకిస్తానమున నున్న ఖుషాబునందు జన్మించి, కాశీ హిందూ విశ్వవిద్యాలయమున చదివి, పిమ్మట ఇంగ్లండున పట్టము పొంది కెనడా చేరిన వాడు. బూజుమందుగా రాపామైసిన్ పనికిరాకపోయెను. దేహమునకు సహజమైన రోగనిరోధశక్తిని అది అణచుచుండెను. 1980వ దశాబ్ది మొదట ఆ ప్రయోగశాలను మూసి, కొందరిని అమెరికాలోని ప్రిన్స్‌టన్‌కు పంపుచు, ఈ పదార్థముపై పని మానుడని పైవారు చెప్పిరి. సెహగల్ మానలేదు. చివరిసారిగా కొంత సూక్ష్మజీవిని పెంచి, చిన్నసీసాలలో పోసి, ఐస్‌క్రీము డబ్బాలో పెట్టి, పైన తినరాదని వ్రాసి, ఇంటి ఫ్రిజ్‌లో గడ్డకట్టు అరలో దాచెను. ఇల్లు మారినప్పుడు ఆ డబ్బాయు వారితో వెళ్లెను. ఏ ప్రయోగశాలయు దాచని దానిని ఒక వంటయిల్లు యేండ్లపాటు దాచెను.

1980వ దశాబ్ది చివర సంఘమున కొత్త యజమానులు రాగా, ఆయన వారిని ఒప్పించి పని తిరిగి మొదలుపెట్టెను. రోగనిరోధశక్తిని అణచుట ఒకచోట దోషమైనను మరియొకచోట గుణమయ్యెను. ఒకరి మూత్రపిండమును మరియొకరికి అమర్చినప్పుడు, పుచ్చుకొన్న దేహము దానిని పరాయిదని త్రోసివేయకుండ ఈ మందు కాపాడును. 1999లో అమెరికా ప్రభుత్వము ఈ పనికై దీని నంగీకరించెను. గుండె రక్తనాళములలో అమర్చు స్టెంటులలో కొన్నింటికి ఈ మందు పూతయే యుండును. మన బంధువులలో ఎవరి గుండెలోనో ఆ దీవి మంటి వరము నేడు పనిచేయుచుండవచ్చును. సెహగల్ 2003లో కాలధర్మము నొందెను.

దేహము ముదియుట

మన పురాణములలో ముసలితనమును తప్పించుకొనిన కథలు రెండు ప్రసిద్ధములు. పుట్టలో తపస్సు చేసి ముదిసిన చ్యవనుడు, సుకన్యను పెండ్లాడిన పిదప, అశ్వినీదేవతల వైద్యముచే మడుగున మునిగి యౌవనవంతుడై లేచెను. శుక్రుని శాపముచే ముసలియైన యయాతి తన జరను కుమారులలో ఎవరైన పుచ్చుకొనుడని వేడగా, నలువురు కాదనిరి. కడపటివాడు పూరుడు పుచ్చుకొనెను. ఆ కథలలో ముసలితనము ఒక వస్త్రమువంటిది. విడువవచ్చును, మరియొకరికి తొడుగవచ్చును. నేటి శాస్త్రము దానిని అట్లు చూడదు. మన దేహము కోట్లకొలది కణములచే కట్టబడినది. కాలము గడచినకొలది కణములోని జన్యువులకు దెబ్బలు తగులును. శక్తి పుట్టించు భాగములు మందగించును. చెడిన సరకు కుప్పలుపడును. కొన్ని కణములు చావక, పని చేయక, పక్కవానిని కూడ చెరచుచు కూర్చుండును. 2013లో శాస్త్రజ్ఞులు కొందరు వార్ధక్యమునకు తొమ్మిది లక్షణములు ఎంచిరి. 2023 నాటికి వానిని పండ్రెండు చేసిరి. అనగా ముసలితనము ఒక్క రోగము గాదు, ఒక్క మందుతో పోవునది గాదు.

ఐనను దాని వేగము మార్పరానిది కాదని చాలకాలము క్రిందటనే తెలిసినది. 1935లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున మెక్కే అను నతడు ఎలుకలకు మేత తగ్గించి పెట్టగా అవి ఎక్కువకాలము బ్రతికినవి. ఎందుచేత బ్రతికినవో అప్పుడు తెలియలేదు. రాపామైసిన్ ఆ రహస్యమునకు ఒక తాళపుచెవి యయ్యెను. 1991లో స్విట్జర్లాండులోని బాజెల్ నగరమున హైట్మన్, మొవ్వ, హాల్ అను ముగ్గురు, రొట్టెలు పులియజేయు ఈస్టు కణములలో, ఈ మందు పోయి తగులు స్థానమును కనుగొనిరి. దానికి టార్ అని పేరు. రాపామైసిన్‌కు గురి యని యర్థము. వారిలో రెండవవారి ఇంటిపేరు మన కృష్ణాజిల్లాలోని క్షేత్రయ్యగారి ఊరి పేరే యగుటచే, తెలుగువారికి అది చెవికి ఇంపుగ తోచును.

టార్ పని గృహిణులకు తేలికగా బోధపడును. కొట్టుగది నిండుగ నున్న దినములలో ఇల్లాలు కొత్త వడియములు పెట్టును, కొత్త పచ్చళ్లు కలుపును. అటకమీది పాతసామానుల సంగతి ఎవరికిని పట్టదు. చేతిలో రొక్కము తగ్గిన ఆషాఢమాసమున అదే యిల్లాలు అటక దింపును. చిల్లిపడిన ఇత్తడిగిన్నెలను కరగించుటకిచ్చును. చిరిగిన చీరలతో బొంత కుట్టును. టార్ కణమునకు అట్టి యిల్లాలు. ఆహారము మెండుగ నున్నదని తెలిసిన, కట్టుము, పెంచుము అని ఆజ్ఞ నిచ్చును. తక్కువయైనదని తెలిసిన, ఆ పని ఆపించి, చెడిన సరకును విరిచి కరగించి తిరిగి వాడుకొమ్మనును. ఈ కరగించు పని కణములో ఎట్లు జరుగునో కనుగొన్నందుకు జపానుదేశపు ఒసుమీగారికి 2016లో నోబెల్ బహుమతి వచ్చినది. రాపామైసిన్ టార్ నోరు కొంతసేపు మూయును. కొట్టు నిండుగ నున్నను, కణము ఆషాఢమాసమే యనుకొని పాతసామాను సర్దుకొనును.

ముసలి యెలుకలు

2009లో అమెరికాలో మూడు వేర్వేరు ప్రయోగశాలలవారు, ఒకరి ఫలితము నొకరు సరిచూచుకొనునట్లుగా, చిట్టెలుకలపై ఒకేసారి చేసిన పరిశోధన ప్రకటింపబడెను. ఎలుకలకు చిన్నవయస్సుననే మందు పెట్టవలెనని మొదట తలచిరి. కాని మేతలో కలిపిన మందు చెడిపోవుచుండెను. దానిచుట్టు పొర కట్టు ఉపాయము దొరకులోపల ఎలుకలు 600 దినముల వయస్సునకు వచ్చినవి. అది మనుష్యులలో అరువది యేండ్లతో పోల్చదగినది. ఇంక లాభమేమున్నదని విడువక, వారు మందు పెట్టి చూచిరి. నూటికి తొంబది యెలుకలు చనిపోవు వయస్సును కొలతగా తీసికొనగా, మందు తినిన ఆడుయెలుకలలో అది నూటికి 14 వంతులు, మగవానిలో 9 వంతులు పెరిగినది. ముదిసిన పిదప మొదలుపెట్టినను ఫలితము కలదని తెలియుట అదియే మొదటిసారి యగుటచే శాస్త్రలోకము నివ్వెరపడెను. ఆలస్యమే ఆ పరిశోధనకు అలంకారమయ్యెను.

మనుష్యుల సంగతి

ఎలుకకు మేలైనది మనిషికి మేలగునని చెప్పుటకు వీలులేదు. 2014లో ప్రకటింపబడిన పరిశోధన యొకటిలో, అరువదియైదేండ్లు దాటిన వారికి రాపామైసిన్‌కు చుట్టమైన మందును కొలది వారములు తక్కువ మోతాదున ఇచ్చి, పిమ్మట ఇన్‌ఫ్లూయెంజా టీకా వేయగా, టీకా మునుపటికంటె బాగుగా పట్టినది. దానిపై ఆశపడి ఆ జాతి మందు నొకదానిని 2019లో పెద్దయెత్తున పరీక్షింపగా ఆశించిన ఫలము రాలేదు. 2025లో ప్రకటింపబడిన చిన్న పరిశోధన యొకటిలో, ఒక సంవత్సరము కొంచెము కొంచెముగా రాపామైసిన్ పుచ్చుకొన్న వారికి, ముఖ్యముగా చూడదలచిన కడుపులోని క్రొవ్వు తగ్గలేదు. ఐనను ఎక్కువ మోతాదు పుచ్చుకొన్న స్త్రీలలో కండ కొంత పెరిగి, నొప్పులు తగ్గినట్లు కనబడినది. స్త్రీల అండాశయములు ముదియుటను ఇది నెమ్మది చేయునేమో యని న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమువారు పరిశోధన మొదలుపెట్టిరి. ఇది మనుష్యుల ఆయువును పెంచునని ఇంతవరకు ఎవరును నిరూపింపలేదు.

ఐనను ఓపిక లేనివారు దీనిని సొంతముగ కొని మింగుచున్నారు. నోటిపూత, రక్తమున క్రొవ్వు పెరుగుట, గాయము త్వరగా మానకపోవుట, అంటురోగములు సులభముగ తగులుట దీని దోషములు. డాక్టరు వేరొక రోగమునకై వ్రాసి యిచ్చిననే గాని, యౌవనము వచ్చునని ఎవరు చెప్పినను దీనిని ముట్టరాదు. ఇంటిలోని పెద్దలకు మందులబిళ్లలు చేతికందించు భారము తరచుగా మనదే గనుక ఈ మాట గట్టిగా చెప్పుచున్నాను.

మరియొక మాటయు చెప్పవలెను. మెక్కే ఎలుకల సంగతి విని, తక్కువ తినుట మంచిదేయని మన యిండ్లలో కొందరు సంతోషింతురు. అందరికిని వడ్డించి, గిన్నెలో మిగిలినదానితో సరిపెట్టుకొను స్త్రీకి ఆ సంతోషము తగదు. మెక్కే తన యెలుకలకు అన్నము తగ్గించెనే గాని, దేహమునకు కావలసిన విటమినులను లవణములను తగ్గింపలేదు. మన దేశమున 2019 మొదలు 2021 వరకు జరిగిన కుటుంబ ఆరోగ్య పరిశీలనలో, పదునైదు మొదలు నలువదితొమ్మిది యేండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కలదని తేలినది. ఇది ఆయువును పెంచు ఉపవాసము గాదు, ఆయువును తినివేయు లేమి. లోకమంతటను స్త్రీలు పురుషులకంటె ఎక్కువకాలము బ్రతుకుదురు. కాని చివరి యేండ్లలో కీళ్లనొప్పులు, ఎముకల బలహీనత, నడువలేమి వారికే అధికము. పప్పు, ఆకుకూర, పాలు మన కంచములోనికి కూడ వచ్చుట, దినమునకు కొంతసేపు నడచుట, రక్తపుపోటును చూపించుకొనుట, పొగాకు విడుచుట, కంటినిండ నిద్రపోవుట — ఇవి ఏ దీవినుండియు తెప్పించుకొన నక్కరలేని మందులు. మేలు చేయునని తేలినవి.

దీవి ఋణము

రాపామైసిన్ వలన మందుల సంఘములకు వచ్చిన ధనము అపారము. మన్ను నిచ్చి, నెత్తురు నిచ్చి, అతిథులను ఆదరించిన దీవివారికి అందులో భాగము రాలేదు. ఒక దేశపు జీవసంపదనుండి లాభము పొందినవారు ఆ దేశమువారికి భాగమీయవలెనని నానాదేశములు ఒడంబడిక చేసికొన్నది 1992లో. అప్పటికి మన్ను దీవి విడిచి ఇరువదియేడు సంవత్సరములైనది. దీవిలో ఈ మందును గూర్చి ఒక ఫలకము కలదు. దానిని 2000లో బ్రెజిల్ పరిశోధకులు పోర్చుగీసు భాషలో చెక్కించి పెట్టిరి.

దీవివారు మాత్రము నిలిచి పెరిగిరి. నూటపదునొకండుగురు మిగిలిన చోట 2017 జనగణనలో 7,750 మంది కనబడిరి. వారిలో వెలుపలినుండి వచ్చినవారును కలరు. ఆ సంవత్సరముననే విగ్రహములున్న వనములను చూచుకొను అధికారము రాపానుయి జనుల చేతికి వచ్చెను. బడిలో పిల్లలకు వారి భాష నేర్పుచున్నారు. 2020లో మహమ్మారి వచ్చినప్పుడు దీవి తలుపులు మూసికొని, 2022 ఆగస్టులో గాని యాత్రికులకు తెరువలేదు. 1863నాటి మశూచికమును మరువని జనులకు అది ఎంత సహజమైన జాగ్రత్తయో మనము ఊహింపగలము.

ఇదంతయు చదివిన పిమ్మట, ముసలితనమును నెమ్మది చేయు మందు రేపు నిజముగా వచ్చినచో దానితో మనమేమి చేయుదుమని ఆలోచించితిని. యయాతి పూరుని యౌవనముతో వేయేండ్లు భోగములు అనుభవించి, అనుభవించినకొలది కోరిక పెరుగునని తెలిసికొని, దానిని తిరిగి కొడుకునకిచ్చి అడవికి పోయెను. భోగమునకైన వేయేండ్లును చాలవు. రాపానుయి పెద్దలు మాత్రము మరియొక పది యేండ్లు తమ యూర బ్రతికియుండినచో, ఆ పలకలు చదువుట కొందరు పిల్లలకైన వచ్చియుండెడిది. ఆ పది యేండ్ల విలువ ఏ మందుల సంఘమును లెక్కకట్టజాలదు. పెద్దవారి దీర్ఘాయువు వారికొక్కరికే కాక ఇంటికంతకును కావలసినది అందుకే.

మన యిండ్లలో నేడు ఎనుబదేండ్ల అత్తగారు, అమ్మమ్మ, మేనత్త కలరు. పురిటిపాటలు, ముగ్గుల లెక్కలు, మందు వేళ్ల పేర్లు, బంధువుల చుట్టరికపు వరుసలు వారి నోటనే యున్నవి. వారికి కన్ను కనబడుటకు అద్దములు, నడచుటకు చేతికఱ్ఱ, వేళకు బిళ్ల, మెత్తని యన్నము అమర్చుటతోపాటు, తీరికవేళ పలకపుస్తకముతో వారి చెంత కూర్చుండుడు. వారు చెప్పినది చెప్పినట్లు వ్రాసికొనుడు, పిల్లలచేత చదివించుడు. మన పలకలను చదువువారు మన యింట ఇంకను ఉన్నారు.